మూడో గుడ్డ

పోయిన వారం మనం మేస్త్రిని పెద్ద డాక్టరు గారి షెడ్డులో, ఆ పాత నల్ల కారు ముందు గొంతుక్కూర్చున్నవాణ్ణి అలాగే వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. రెండు నెలలుగా ఇంజను విప్పాడు, హెడ్డు చదును చేయించాడు, కొత్త గాస్కెట్ వేశాడు, బ్రేకులు బాగుచేశాడు. ఇక మిగిలింది ఒక్కటే. రేడియేటర్లోనూ గొట్టాల్లోనూ పేరుకున్న తుప్పంతా కడిగేసి కొత్త నీళ్లు నింపడం. అసలు ఎవరైనా ముందుగా చేసే పని అదే. మన మేస్త్రి దాన్ని చివరికి నెట్టాడు. ఎందుకు నెట్టాడో నేను మీకు చెప్పలేదు, అతను తనకే చెప్పుకోలేదు కాబట్టి.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం పాత సంగతి రెండు ముక్కల్లో. పందొమ్మిదేళ్ల కిందట పెద్ద డాక్టరు గారు అర్జెంటు ఆపరేషన్‌కు వెళుతుండగా, ఎత్తు రోడ్డు మీద ఈ కారు పొగలు కక్కి ఆగిపోయింది. మూత తీసి చూస్తే లోపల చుక్క నీరు లేదు. "పొద్దున్నే నిండా పోశానండీ" అని డ్రైవరు నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఆ డ్రైవరు ఎవరో కాదు, మేస్త్రికి సొంత బావ, అక్క మొగుడు. డాక్టరు గారు మేస్త్రిని పిలిపించి, "నువ్వు చూసి చెప్పు" అన్నారు. మేస్త్రి వంగి చూశాడు. "ఎండిపోయి ఉందండీ" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆ ఒక్క మాటతో బావ ఉద్యోగం ఊడింది. నీళ్లు పోయడం మర్చిపోయిన డ్రైవరుకు మళ్లీ స్టీరింగ్ ఇచ్చిన నాథుడు లేడు. ఆనాటి నుంచి కారు షెడ్డులోనే మూలపడి ఉంది, బావ బస్సు డిపోలో బస్సులు కడుగుతున్నాడు. వీధిలో పిల్లలు కూడా ఆయన కనిపిస్తే "నీళ్లు పోశావా?" అని అరిచి పారిపోతారు.

ఇప్పుడు పెద్ద డాక్టరు గారికి పక్షవాతం. ఆయన కూతురు, చిన్న డాక్టరమ్మ, నాన్నను ఆ కారులో ఒక్కసారి ఆస్పత్రి దాకా తిప్పాలని ముచ్చటపడింది. పోయిన వారం చివర షెడ్డులోకి వచ్చి, "రేపు పదకొండింటికి మీ బావగారిని కూడా రమ్మన్నాను మేస్త్రి గారూ" అని చెప్పి వెళ్లింది. అక్కడే కదా మన మేస్త్రికి చెమటలు పట్టింది.

సరే, ఆ రేపు వచ్చేసింది.

మేస్త్రి తొమ్మిదింటికే పని మొదలుపెట్టాడు. ముందు రోజు వాషింగ్ సోడా కలిపిన నీళ్లు పోసి నానబెట్టి ఉంచాడు. రేడియేటర్ అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పితే మొదట ఏమీ రాలేదు. తీగ పెట్టి పొడిచాడు. కాసేపు దగ్గి, ఎర్రటి బురద నీళ్లు బకెట్లోకి దూకాయి. ఇంజను పక్కనున్న రెండో కుళాయి కూడా తిప్పాడు. బకెట్ నిండింది, పారబోశాడు, మళ్లీ పెట్టాడు. తర్వాత పై రబ్బరు గొట్టం, కింది రబ్బరు గొట్టం ఊడదీశాడు. ఊడదీసిన ప్రతి కన్నంలోనూ దుమ్ము పడకుండా ఒక్కో గుడ్డ కుక్కాడు. ప్రతి గుడ్డకూ మూరెడు ఎర్ర దారం బయటికి వేలాడుతోంది.

ఆ దారాల గురించి చెప్పాలి. ఊళ్లో మేస్త్రిని అందరూ దారం మేస్త్రి అంటారు. గుడ్డకు దారం కట్టి ఉంటే లోపల మర్చిపోయే ప్రసక్తే లేదు, దారం బయటికి వేలాడుతూ గుర్తు చేస్తుంది. "దారం మేస్త్రికి ఇస్తే బండి గురించి నిద్రపోవచ్చు" అని పెద్ద పెద్దవాళ్లు కార్లు తెచ్చి అప్పజెప్పేవారు. ఎవరు నేర్పారని అడిగితే, "మా గురువు" అంటాడు. ఆ గురువు గుడ్డ అన్నది వాడితే గొప్ప, చొక్కాకే చేతులు తుడుచుకునేవాడు. గుడ్డలు కత్తిరించేది, దారాలు కుట్టేది, వారానికోసారి ఉతికి ఆరేసి మడతపెట్టి ఇచ్చేది మాత్రం అక్క. ఆమెకు కుట్టుమిషను ఉంది.

మేస్త్రి ఇనుప గొట్టం దగ్గరికి వచ్చాడు. రేడియేటర్ అడుగు నుంచి పంపుకు నీళ్లు తీసుకెళ్లే గొట్టం అది, మధ్యలో మోచేయిలా వంగి ఉంటుంది. దాని పంపు వైపు మూతికి కుళాయి పైపు తగిలించి నీళ్లు వదిలాడు. ఎదురు దిక్కు నుంచి నీళ్లు కొడితేనే మడ్డి కదులుతుంది. రెండో మూతి నుంచి సన్నగా, చిటికెన వేలంత ధార వచ్చింది. అంత లావు గొట్టానికి అంత ధారేమిటి?

మేస్త్రికి అర్థమైంది. అర్థమైంది కాబట్టే కుళాయి కట్టేద్దామా అని ఒక్క క్షణం చూశాడు. కట్టలేదు. ఇంకొంచెం తిప్పాడు. గొట్టం గుటక వేసినట్టు చప్పుడు చేసి, నల్లటి ముద్దనొకదాన్ని నేల మీద ఉమ్మింది. దాని వెనకే నీళ్లు భళ్లున వచ్చి అతని కాళ్లు తడిపాయి.

ముద్దను వేళ్లతో విప్పి, బకెట్లో జాడించాడు. నూలు గుడ్డ అయితే ఈపాటికి చివికి పోయేది. ఇది టెరిలిన్, చావదు. తుప్పు కింద నీలం రంగు, నీలం మీద తెల్ల గీతలు. బావ డ్రైవింగ్ లైసెన్సు వచ్చిన రోజు కొనుక్కున్న చొక్కా. కాలరు చిరిగాక అక్క దాన్ని మూడు ముక్కలు చేసి, "వాడి వర్క్‌షాపుకి పనికొస్తాయిలే" అని తమ్ముడికిచ్చింది.

దీనికి దారం లేదు.

మేస్త్రి అక్కడే తడి నేల మీద కూలబడ్డాడు. కారు ఆగిపోవడానికి ముందు రోజు, ఇదే షెడ్డులో, ఈ ఇనుప గొట్టానికి బిగించే కింది రబ్బరు గొట్టం మార్చాడు. మూడు గుడ్డలు కుక్కాడు. పని అయ్యాక సంచిలో రెండే ఉన్నాయి. ఆ సాయంత్రం ఉతకడానికిస్తే అక్క కూడా, "మూడిచ్చాను కదరా, రెండే ఉన్నాయేం?" అంది. "ఎక్కడో పడిపోయుంటుంది" అన్నాడు. మర్నాడు కారు పొగలు కక్కింది. గుడ్డ అడ్డుపడి నీళ్లు తిరగక, మరిగి మరిగి ఆవిరై పోయాయి. బావ పోసిన నీళ్లే, నిండా పోసిన నీళ్లే. "ఎండిపోయి ఉందండీ" అంటున్నప్పుడు మేస్త్రి నోట్లో ఆ మూడో గుడ్డ ఉండనే ఉంది. మింగేశాడు. గొట్టం విప్పి చూస్తే అయిదు నిమిషాల పని. చూస్తే ఉంటుందేమోనని చూడలేదు. ఆ మర్నాడే అక్క దగ్గరికి వెళ్లి, గుడ్డలన్నిటికీ ఎర్ర దారం కుట్టిపెట్టమన్నాడు. ప్రతిదానికీ ఎందుకు ఏమిటి అని ఆరా తీసే అక్క, ఆ రోజు మాత్రం ఏమీ అడగలేదు. సూదిలో దారం ఎక్కించింది, అంతే.

పందొమ్మిదేళ్లుగా ఊరంతా మెచ్చుకుంటున్నది ఆ దారాన్నే. ఎవరైనా "భలే పద్ధతి మేస్త్రీ" అన్నప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది. మెచ్చుకోలుకు తల దించుకుంటే జనం అది వినయం అనుకున్నారు.

గేటు చప్పుడైంది. మేస్త్రి గభాలున లేచి ఆ గుడ్డను పిండి, మడిచి, చొక్కా జేబులో దోపుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా స్పానరు పట్టుకుని వంగాడు.

వచ్చింది డాక్టరమ్మ. "అయిపోవచ్చిందా మేస్త్రి గారూ?"

"గొట్టాలు బిగించి నీళ్లు పోయడమేనమ్మా."

"మంచిది. మీకో మాట చెప్పాలి." ఆమె గొంతు తగ్గించింది. "రాత్రి నాన్నగారితో మాట్లాడాను. డ్రైవర్ అంకుల్‌ని క్షమించేశానని చెప్పారు. మాట సరిగ్గా రాకపోయినా గట్టిగానే చెప్పారు. అంకుల్ వచ్చి ఒక్కసారి 'పొరపాటైందండీ' అంటే చాలు, ఆయనే బండి నడుపుతారు. చిన్నప్పుడు నన్ను స్కూల్లో దింపిందీ ఆయనే కదా. ఎంతైనా పెద్దమనసుతో పోవాలి, ఏమంటారు?"

మేస్త్రి ఏమంటాడు! "అవునమ్మా" అన్నాడు. జేబులోని తడి చొక్కాకు, చొక్కా నుంచి ఒంటికి దిగింది. తప్పు చెయ్యనివాణ్ణి క్షమిస్తున్నారు. చేసినవాడు ఎదురుగా నిలబడి తలూపుతున్నాడు. ఇంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

పదకొండు కాకముందే బావ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, చేతిలో అయిదు లీటర్ల డబ్బా.

"ఏరా బామ్మర్దీ, నీళ్లు నేనే తెచ్చుకున్నాను. ఈ ఇంటి నీళ్లు నమ్మలేం, వాటికి మాయమైపోయే అలవాటుంది!" అని తనే నవ్వాడు. ఊరివాళ్లు ఆ మాట అనకముందే తనే అనేసి నవ్వడం ఆయనకు ఎప్పుడో అలవాటైపోయింది.

"ఉత్త నీళ్లు కాదు బావా, కూలెంట్ కలిపి పొయ్యాలి. పక్కన కలిపి పెట్టాను."

"అయితే అదే పోస్తాను. నువ్వు తప్పుకో. డాక్టరమ్మా, మీరు కాస్త ఇలా వచ్చి నిలబడండి. సాక్ష్యం కావాలి."

డాక్టరమ్మ నవ్వుతూ వచ్చి నిలబడింది. మేస్త్రి కుళాయిలు రెండూ కట్టాడు, క్లిప్పులు బిగించాడు, గాలి చిక్కుకోకుండా హీటరు ట్యాపు తెరిచి పెట్టాడు. బావ గరాటా పెట్టి పోయడం మొదలుపెట్టాడు. ఏం పోయడం అది! పసిపిల్లకు పాలు పట్టినట్టు పోశాడు. కొంచెం పోసి ఆగేవాడు. లోపలి గాలి గుడగుడమని బయటికొచ్చేదాకా చెవి ఒగ్గి వినేవాడు. మేస్త్రి కింద కూర్చుని గొట్టాన్ని నొక్కి వదులుతుంటే పైన బుడగలు లేచేవి.

"ఇంకో రెండు నొక్కులు నొక్కరా. ఇంకా ఉంది గాలి."

"ఎలా తెలుసు బావా?"

"తెలుస్తుందిరా. స్టీరింగ్ లాక్కున్నారు గానీ చెవులు లాక్కోలేదుగా."

మేస్త్రి నొక్కాడు. రెండు పెద్ద బుడగలు వచ్చి పగిలాయి. ఇంత చెవి ఉన్నవాడు, ఇంత చెయ్యి ఉన్నవాడు నీళ్లు పోయడం మర్చిపోతాడా? చూసే కళ్లుంటే ఆ రోజే ఎవరికైనా తెలిసేది. అందరికన్నా ముందు తనకు తెలుసు. మేస్త్రికి గొట్టం పట్టుకున్న చేతుల్ని చూసుకోవాలన్నా అసహ్యం వేసింది.

ఇంజను స్టార్ట్ చేశారు. పందొమ్మిదేళ్ల తర్వాత ఆ కారు ఒకసారి ఒళ్లు విరుచుకుని, తుమ్మి, కుదురుగా గుర్‌మంది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. వేడెక్కే కొద్దీ నీటిమట్టం దిగుతుంటే బావ మళ్లీ కాస్త కాస్త పోశాడు. బుడగలు ఆగాయి. మూత పెట్టి బిగించి, దాని మీద అరచెయ్యి ఆనించి అలాగే కాసేపు నిలబడ్డాడు.

"నిండింది" అన్నాడు. "చూశారుగా."

"చూశాను అంకుల్" అంది డాక్టరమ్మ. తర్వాత మెల్లగా, "నాన్నగారు వరండాలో కూర్చున్నారు. ఒక్క మాట అనేస్తే ఆయన మనసూ తేలికవుతుంది" అంది.

మేస్త్రి బావ వైపు చూశాడు. ఒప్పుకోడు, నాకు తెలుసు, అనుకున్నాడు. ఈ మాట మీదే కదా ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇంటి పెద్దలొచ్చి "తప్పయిందని ఒక్క ముక్క అనరాదూ" అని బతిమాలినా, "చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోను?" అని తలుపేసుకున్న మనిషి. ఒప్పుకోకుండా వెళ్లిపోతే బాగుండు, ఈ గండం నాకు గడుస్తుంది. అలా అనుకున్నందుకు మళ్లీ సిగ్గేసింది.

బావ చేతులు తుడుచుకున్నాడు. "సరేనమ్మా, చెప్తాను" అన్నాడు.

"బావా!"

"ఏంట్రా, నోరు తెరిచావు? పందొమ్మిదేళ్లురా. అందరూ పొయ్యలేదు పొయ్యలేదు అంటుంటే, నాకే డౌటొచ్చేసింది. ఆ పొద్దున బిందె పట్టుకున్నట్టు గుర్తుంది, పోసినట్టు గుర్తుంది. కానీ అది ఆ రోజుదో, అంతకుముందు రోజుదో! నువ్వు కూడా చూశావు కదా, ఎండిపోయి ఉందని. నువ్వు నా మీద అబద్ధం చెప్తావా? పొయ్యలేదేమోలే." మళ్లీ నవ్వాడు. ఈసారి నవ్వు కళ్ల దాకా రాలేదు. "ఆయనా నేనూ ఎన్నాళ్లుంటాం? ఒక మాటేగా."

తను బావ ఉద్యోగం తీసేశాడు, పరువు తీసేశాడు, చివరికి ఆ మనిషి దగ్గర మిగిలిన ఒక్క జ్ఞాపకాన్ని కూడా తీసేశాడు. బావ షెడ్డు దాటాడు. వాకిట్లో నాలుగడుగులు వేశాడు. వరండా మెట్ల పైన చక్రాల కుర్చీలో పెద్ద డాక్టరు గారు ఒక చెయ్యి మెల్లగా ఎత్తారు, రమ్మన్నట్టు. బావ చెప్పులు విడిచి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"బావా, ఆగు."

గొంతు తనదేనా అనిపించింది. బావ వెనక్కి తిరిగాడు. మేస్త్రి వాకిట్లోకి పరుగెత్తుకొచ్చాడు, డాక్టరమ్మ వెనకే వచ్చింది.

"ఏమైందిరా? ఆ చొక్కా ఏంటి, అలా తడిసింది? జేబులోంచి తుప్పు కారుతోంది చూసుకో."

మేస్త్రి జేబులో చెయ్యి పెట్టి గుడ్డ తీశాడు. విప్పి, రెండు చేతుల మీదా పరిచి చూపించాడు. ఎండలో నీలం రంగు, తెల్ల గీతలు స్పష్టంగా కనిపించాయి.

బావ ముందు గుర్తుపట్టి సంతోషించాడు, అదీ ఘోరం. "ఓర్నీ! ఇది నా లైసెన్సు చొక్కా కదరా! ఎక్కడ దొరికింది?"

"బండిలో. కింది ఇనుప గొట్టం వంపులో. నీళ్లు తిరక్కుండా అడ్డుపడి ఉంది." మేస్త్రి ఒక్కో మాటనూ బరువు మోసినట్టు మోశాడు. "నువ్వు పోశావు బావా. నిండా పోశావు. మరిగిపోయాయి. ఆ గుడ్డ కుక్కింది నేను. మర్చిపోయింది నేను."

షెడ్డులో ఇంజను తన పాటికి తను నడుస్తోంది. డాక్టరమ్మ మొహం పాలిపోయింది. మెట్ల మీద పెద్ద డాక్టరు గారి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

బావ గుడ్డ అందుకున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. అటు తిప్పి ఇటు తిప్పి, నాలుగు అంచులూ వేళ్లతో తడిమాడు. ఏదో వెతుకుతున్నాడు.

"దీనికి దారం లేదే" అన్నాడు.

"అప్పట్లో కట్టేవాణ్ణి కాదు."

"మరెప్పట్నుంచి కడుతున్నావు?"

ఇక్కడ మేస్త్రికి ఒక దారి ఉంది. గుడ్డ మర్చిపోవడం పొరపాటు, ఎవరైనా చేస్తారు, ఇవాళే తెలిసిందంటే ఎవరైనా క్షమిస్తారు. "తర్వాతెప్పుడో, గురువు చెబితే" అంటే చాలు. నాలిక చివరి దాకా వచ్చింది. బావ కళ్లలోకి చూశాక అది రాలేదు.

"బండి ఆగిపోయిన మర్నాటి నుంచి."

బావ తలూపాడు. మెల్లగా, బుడగలు లెక్కపెట్టినప్పటిలా, తలూపుతూనే ఉన్నాడు. "అంటే అప్పుడే తెలుసన్నమాట."

"అనుమానం బావా. చూడటానికి భయమేసింది. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. రోజులు గడిచే కొద్దీ ఇంకా చెల్లలేదు. నన్నేమన్నా అను. కొట్టు."

"నిన్ను కొడితే నాకేమొస్తుందిరా." బావ గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు. పెడుతూ పెడుతూ ఆగిపోయాడు. ఏదో లెక్క తేలినట్టు తలెత్తాడు. ఆ మొహంలో అప్పటి దాకా లేనిదేదో వచ్చింది. బామ్మర్ది మీద రాని కోపం కాదు అది, భయం.

"ఒరేయ్. నా చొక్కా మూడు ముక్కలు చేసింది మీ అక్క. వారం వారం ఉతికి లెక్కపెట్టేది మీ అక్క. ఆ మర్నాడు దారం కుట్టింది కూడా..."

మేస్త్రి నేల చూపులు చూశాడు. "మూడిచ్చాను కదరా, రెండే ఉన్నాయేం?" అన్న గొంతు చెవిలో వినిపిస్తూనే ఉంది. సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తి చూడని ఆ మొహం కళ్ల ముందే ఉంది. పందొమ్మిదేళ్లుగా అదే ఇంట్లో, అదే మనిషికి అన్నం వడ్డిస్తోంది.

"చెప్పరా. దానికి తెలుసా?"

వీధి గేటు కిర్రుమంది. ఇద్దరికీ భోజనం క్యారియరు పట్టుకుని, ఇంజను చప్పుడు విని నవ్వుకుంటూ, అక్క లోపలికి వచ్చింది. మొగుడి చేతిలో ఉన్న నీలం గుడ్డను చూసింది. నవ్వు ఆగిపోయింది. అదెక్కడిదని మాత్రం ఆమె అడగలేదు.